తుపాకి పేలకముందే చేజారిన రాజ్యం

పెద్దలకు నమస్కారం. పిల్లలకు ఆశీస్సులు.

ఈ హాల్లో కూర్చున్నవాళ్లలో సగం ఇళ్ల నుంచి ఒక్కరైనా అమెరికాలో ఉండి ఉంటారు. మా ఇంట్లోనూ ఉన్నారు. మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు, బోస్టన్‌కి దగ్గర్లో కాంకర్డ్ అనే ఊళ్లో ఒక చెక్క వంతెన దగ్గరికి తీసుకెళ్లింది. కింద మన కాలవల్ని తలపించే నెమ్మదైన ఏరు. అవతలి ఒడ్డున నాగలి పక్కన తుపాకి పట్టుకుని నిలబడ్డ రైతు విగ్రహం. ఇవతలి ఒడ్డున, గోడ వారగా, ఆ రోజు చనిపోయిన బ్రిటిష్ సిపాయిల సమాధి. 1775 ఏప్రిల్ 19న ఊరి జనం తమ నాయకుడి హుకుం మీద రాజుగారి సైన్యాన్ని కాల్చింది అక్కడే. వచ్చినవాళ్లంతా అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ఇక్కడ మొదలైందని చెప్పుకుని ఫోటోలు దిగుతున్నారు.

నాకు మాత్రం ఆ వంతెన మీద నిలబడ్డప్పుడు వేరే ప్రశ్న పట్టుకుంది. పొలం పనులు చేసుకునే మనిషి, రాజుకి జై కొడుతూ పెరిగిన మనిషి, పదేళ్లలో అదే రాజు సైన్యం మీదికి తుపాకి ఎత్తేదాకా ఎలా వచ్చాడు? పన్నుల వల్ల అని బళ్లో చదువుకున్నాం. ఆ జవాబు తప్పు కాదుగానీ, సగమే. అలజడి ఎన్నో దేశాల్లో రేగుతుంది, చల్లారుతుంది. అక్కడ చల్లారలేదు. ఎందుకో చెప్పాలనే ఇవాళ మీ ముందుకొచ్చాను.

ముందు అప్పు సంగతి. ఫ్రాన్సుతో ఏడేళ్ల యుద్ధం 1763లో ముగిసింది. బ్రిటన్ గెలిచింది, అప్పుల్లో మునిగింది. అమెరికాలోని 13 వలసల రక్షణ కోసం కూడా ఖర్చుపెట్టాం కదా, వాళ్లూ కొంత మొయ్యాలి అని లండన్ వాదన. విన్నవాళ్లకి న్యాయంగానే తోస్తుంది. వలసల్లోని వాళ్ల జవాబేమిటంటే, మా చట్టసభలు మాకున్నాయి, మా పన్ను మేం వేసుకుంటాం, మా మనిషి ఒక్కడు కూడా లేని పార్లమెంటు మా జేబులో చెయ్యి ఎలా పెడుతుంది అని.

1765లో స్టాంపు చట్టం వచ్చింది. కోర్టు కాగితం, దినపత్రిక, లైసెన్సు, పేకముక్కలు, ఆఖరికి జూదం ఆడే పాచికలు, అన్నిటికీ పన్ను. ఆ ఏడాది ఆగస్టు 14న బోస్టన్‌లో ఒక పెద్ద చెట్టుకి స్టాంపుల ఏజెంటు దిష్టిబొమ్మను వేలాడదీశారు. ఆ తేదీ గుర్తుపెట్టుకోండి. దానికి సరిగ్గా రెండు రోజుల ముందు, 1765 ఆగస్టు 12న, మొగలు చక్రవర్తి షా ఆలం బెంగాల్ దివానీని, అంటే పన్ను వసూలు హక్కుని, ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. ఉత్తర సర్కారుల ఫర్మానా కూడా ఆ తేదీదే. అంటే శ్రీకాకుళం నుంచి కృష్ణ దాటి మన గుంటూరు దాకా ఉన్న తెలుగు నేల కాగితం మీద చేతులు మారింది ఆ వారంలోనే. అక్కడ స్టాంపు మీద పన్నుకి ఊరు ఊరంతా చెట్టు కిందికొచ్చింది. ఇక్కడ దేశం దేశమే రాసిచ్చేస్తుంటే ఊళ్లకి కబురు కూడా లేదు. మన వాళ్లకి రోషం లేక కాదు. ఊరి వాళ్లంతా కూర్చుని పన్ను గురించి, అధికారుల గురించి తీర్మానం చేసే సభ అక్కడ అప్పటికే నూరేళ్లకు పైగా నడుస్తోంది. రాజు సంతకం పెట్టిన పత్రాల ప్రకారమే నడుస్తోంది. ఆ సభ అలవాటు ఉంది చూశారూ, దాని గురించే నేను చెప్పబోయేదంతా.

స్టాంపు చట్టం ఏడాదికే రద్దయింది. అయితే రద్దు చేసిన రోజే, మీ మీద ఏ చట్టమైనా చేసే హక్కు మాకుంది అని పార్లమెంటు ఇంకో చట్టం చేసిపెట్టుకుంది. 1767లో గాజు, సీసం, రంగులు, కాగితం, టీ మీద సుంకాలు వేశారు. జనం సరుకు కొనడం మానేశారు. 1768లో బోస్టన్‌లో సైన్యం దిగింది. 1770 మార్చి 5 రాత్రి మంచులో గుంపుకీ సిపాయిలకీ గొడవై, కాల్పుల్లో ఐదుగురు పోయారు. అందులో మొదటివాడు క్రిస్పస్ ఆటక్స్ అనే నల్లజాతి నావికుడు. తరవాత జరిగింది ఇంకా గొప్ప విషయం. ఆ సిపాయిల తరఫున కోర్టులో వాదించింది జాన్ ఆడమ్స్. ఉద్యమం పక్షం మనిషే. ఎనిమిది మంది సిపాయిల్లో ఆరుగురు నిర్దోషులుగా బయటపడ్డారు. అంత కోపంలోనూ కోర్టు మీద వాళ్లకి నమ్మకం ఉంది. నాలుగేళ్ల తరవాత అవే కోర్టుల తలుపులు ఆ జనమే ఎందుకు మూయించారన్నది అసలు కథ.

మధ్యలో టీ కథ ఉంది. అది మనకూ సంబంధించినదే కాబట్టి కాస్త ఆగుతాను.

మిగతా సుంకాలు 1770లో ఎత్తేశారు. టీ మీద పౌను బరువుకి మూడు పెన్నీలది మాత్రం ఉంచారు. డబ్బు కోసం కాదు, హక్కు వదులుకోలేదని చూపించడానికి. ఇంతలో ఈస్టిండియా కంపెనీ దివాలా అంచుకి వచ్చింది. మైసూరు హైదరాలీతో యుద్ధం, 1770లో లక్షల ప్రాణాలు తీసిన బెంగాల్ కరువు, లండన్‌లో అమ్ముడుపోని టీ కోటిన్నర పౌన్లకు పైగా గోదాముల్లో మూలుగుతోంది. కంపెనీని బతికించడానికి 1773లో ఒక చట్టం చేసి, ఆ టీని నేరుగా అమెరికాలో అమ్ముకోమన్నారు. ధర తగ్గింది కూడా. చవగ్గా వస్తుంటే ఎందుకు వద్దన్నారు? చవక టీ కొన్న ప్రతి ఇల్లూ ఆ మూడు పెన్నీలు ఒప్పుకున్నట్టే గనక. పైగా అమ్మే హక్కు కంపెనీ ఎంచిన నలుగురైదుగురు వ్యాపారులకే ఇచ్చారు. పెన్సిల్వేనియాకి చెందిన జాన్ డికిన్సన్ అప్పుడు రాసిన కరపత్రంలో, ఈ కంపెనీ ఆసియాలో ఏం చేసిందో చూడండి, ఒక్క ఏడాదిలో పదిహేను లక్షల మంది ఆకలితో చచ్చారట, ఇప్పుడు మన మీద కన్నేసింది అనే అర్థంలో హెచ్చరించాడు. బెంగాల్ శవాల గురించి ఫిలడెల్ఫియాలో చదువుకున్నారన్నమాట. ఆ కరపత్రం గురించి తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

1773 డిసెంబరు 16 రాత్రి బోస్టన్ రేవులో మూడు ఓడలెక్కి 342 పెట్టెలు పగలగొట్టి సముద్రంలో పోశారు. అది చైనా ఆకు. అస్సాంలో అప్పటికింకా తోటలు లేవు. ఆ వేళకి సముద్రం ఆటు మీద ఉంది. నీళ్లు తక్కువగా ఉండడంతో ఆకు ఓడల పక్కన గడ్డివాముల్లా పేరుకుపోతే, కుర్రాళ్లు దిగి దాన్ని చిమ్మారు. జేబులో నాలుగు గుప్పిళ్లు వేసుకోబోయినవాణ్ణి పట్టుకుని తన్నారు. దొంగతనానికి రాలేదు అని తేలాలి కదా. కంపెనీ చెప్పిన నష్టం 9,659 పౌన్లు.

లండన్‌కి ఒళ్లు మండింది. 1774లో వరసగా చట్టాలు చేసింది. బోస్టన్ రేవు మూత. దీన్నే అందరూ చెబుతారు. నా దృష్టిలో ఇంతకన్నా ప్రమాదకరమైనది ఇంకోటుంది. మసాచుసెట్స్ ప్రభుత్వ చట్టం. మసాచుసెట్స్ అంటే బోస్టన్ ఉన్న వలస. ఇన్నాళ్లూ ఎన్నికైన ఎగువ సభ సభ్యుల్ని ఇకనుంచి రాజే వేస్తాడు. జడ్జీల్ని గవర్నరు వేస్తాడు, తీస్తాడు. జ్యూరీని గవర్నరు వేసే జిల్లా అధికారి, షెరీఫు ఎంచుతాడు. ఊరి సభ ఏడాదికి ఒక్కసారే. ఇంకోసారి కూర్చోవాలంటే గవర్నరు అనుమతి కావాలి. రేవు మూస్తే బోస్టన్ వ్యాపారికి దెబ్బ. ఇది మాత్రం మారుమూల పల్లెటూళ్లోని రైతుకి తగిలింది. వాడి అప్పు దావా, పొలం తగాదా తేల్చేది ఆ కోర్టే. రేపు జడ్జీ, జ్యూరీ అంతా సర్కారు మనుషులే అయితే పొలం నిలుస్తుందా?

బోస్టన్‌కి పడమటగా అరవై డెబ్భై కిలోమీటర్లలో వూస్టర్ అనే ఊరుంది. 1774 సెప్టెంబరు 6న అక్కడ జిల్లా కోర్టు తెరవాలి. ఆ పొద్దున చుట్టుపక్కల 37 ఊళ్ల నుంచి మిలీషియా దళాలు, అంటే ఊరివాళ్లే చేరిన సాయుధ దళాలు, నడిచి వచ్చాయి. ఎవరో లెక్కపెట్టి రాసిపెట్టాడు: 4,622 మంది. జడ్జీలు వచ్చేసరికి కోర్టు భవనం జనం చేతిలో ఉంది. చేసేది లేక పక్కనున్న హేవుడ్ అనే ఆయన పూటకూళ్లింట్లో కూర్చున్నారు. బయట ప్రతి దళమూ ఒక మనిషిని ఎన్నుకుంది. ఆ ప్రతినిధులు లోపలికీ బయటికీ తిరుగుతూ, జడ్జీలు రాసిచ్చిన రాజీనామా మాటలు దళాలకి చూపించి, ఇది చాలదు మార్చండి అంటే మార్పించుకుని వచ్చారు. పొద్దు వాలుతుండగా రోడ్డుకి ఇరుపక్కలా దళాలు వరసగా నిలబడ్డాయి. జడ్జీలు, షెరీఫు, వకీళ్లు టోపీలు తీసి చేత్తో పట్టుకుని మధ్యలో నడిచారు. కొత్త చట్టం కింద పనిచెయ్యం అన్న ఆ కాగితాన్ని, అందరికీ వినబడాలని, మళ్లీ మళ్లీ చదువుతూ ఆ వరస పొడుగునా నడిచారు. ఒక్క తుపాకీ పేలలేదు. సైన్యాన్ని పంపుదామనుకున్న జనరల్ గేజ్, అప్పటి మసాచుసెట్స్ గవర్నరు, అక్కడి సంగతి విని మానుకున్నాడు.

టోపీ తియ్యడమంటే ఆ కాలంలో చిన్న సంగతి కాదు. రైతు దొరకి తీస్తాడు. ఆ రోజు దొర రైతుకి తీశాడు. మన భాషలో చెప్పాలంటే తలపాగా తీసి చంకలో పెట్టుకున్నట్టు.

ఆ శరత్కాలంలో బోస్టన్ బయట ప్రతి జిల్లాలోనూ ఇలాగే కోర్టులు మూతపడ్డాయి. రాజు వేసిన సభ్యులు కొందరు రాజీనామా ఇచ్చారు, మిగిలినవాళ్లు బోస్టన్ సైన్యం నీడకి పరిగెత్తారు. మన పెదనందిపాడు ఫిర్కాలో 1921-22లో పన్ను కట్టం అన్నప్పుడు గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చిన సంగతి ఇక్కడ పెద్దలకి తెలుసు. కరణం, మునసబు కుర్చీ వదిలేస్తే పైన కలెక్టరున్నా చెయ్యగలిగింది తక్కువే. అక్టోబరు 4న వూస్టర్ ఊరి సభ తన ప్రతినిధికి ఒక ఆదేశం రాసిచ్చింది: పాత రాజ్యాంగం రద్దయిపోయింది, బూడిదలోంచి కొత్త ప్రభుత్వాన్ని లేపండి అని. ఆ ప్రతినిధి తిమోతీ బిగెలో. కమ్మరి. ఫిలడెల్ఫియాలో చేసిన స్వాతంత్ర్య ప్రకటనకి ఇంకా 21 నెలలుంది.

ఆ ఏడాదే 12 వలసల ప్రతినిధులు ఫిలడెల్ఫియాలో కలిసి బ్రిటిష్ సరుకు బహిష్కరించాలని ఒప్పందం రాసుకున్నారు. దాన్ని అమలు చెయ్యడానికి ఊరికో కమిటీ వెయ్యమన్నారు. కమిటీ వాళ్లు దుకాణం లెక్కలు చూసేవాళ్లు, మాట తప్పినవాడి పేరు పత్రికలో వేసేవాళ్లు. ఇందులో దౌర్జన్యమూ ఉంది. రాజుని సమర్థించినవాళ్లకి తారు పూసి ఈకలంటించారు. అది నేను సమర్థించను. అయితే సర్కారు చెయ్యాల్సిన పని ఎవరు చేస్తే జనం వాళ్లనే సర్కారు అంటారు. మందుగుండు కొనడం, కవాతు నేర్పడం, పన్ను వసూలు చేసి కొత్త ఖజానాకి పంపడం, అన్నీ ఆ ఊరి సభలే చేశాయి.

గేజ్ 1775 ఏప్రిల్‌లో దాదాపు 700 మందిని కాంకర్డ్‌కి పంపింది ఆ మందుగుండు కోసమే. దారిలో లెక్సింగ్టన్ అనే ఊరి పచ్చిక మీద ఎనిమిది మంది ఊరివాళ్లు పోయారు. వంతెన దగ్గర ముందు వరసలో పడిపోయినవాడు ఐజాక్ డేవిస్, పక్క ఊళ్లో తుపాకులు చేసే కమ్మరి, ముప్పై ఏళ్లవాడు. తిరుగుదారిలో గోడల చాటు నుంచి, చెట్ల చాటు నుంచి వేల మంది కాల్చారు. సైన్యంలో 73 మంది చనిపోయారు. మర్నాటికి బోస్టన్ చుట్టూ ముట్టడి. అన్ని వేల మంది గంటల్లో ఎలా వచ్చారని ఆశ్చర్యపోతారు. ఏడు నెలల క్రితమే వూస్టర్‌లో నడిచి చూపించారు కదా.

అప్పటికి కూడా వాళ్లు స్వాతంత్ర్యం అడగలేదు. ఇది మా విద్యార్థులు ఎప్పుడూ నమ్మేవాళ్లు కాదు. జులైలో రాజుకి ఇంకొక్క వేడుకోలు పంపారు. తప్పంతా మంత్రులది, రాజు మంచివాడే అన్న ఆశ. రాజు దాన్ని అందుకోలేదు, ఆగస్టులో మీరంతా తిరుగుబాటుదారులని ప్రకటించాడు. 1776 జనవరిలో థామస్ పెయిన్ కరపత్రం, తప్పు మంత్రులది కాదు, రాజరికానిదే అని మామూలు మనిషికి అర్థమయ్యే మాటల్లో చెప్పింది. జులై 2న వలసల ప్రతినిధుల సభ, అంటే కాంగ్రెస్, స్వాతంత్ర్యానికి ఓటేసింది, 4న ప్రకటన ఆమోదించింది.

ఇంకొక్క మనిషి గురించి చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. లెక్సింగ్టన్ పచ్చిక మీద గాయపడ్డవాళ్లలో ప్రిన్స్ ఎస్టాబ్రూక్ ఒకడు. బానిస. పక్కవాళ్ల స్వేచ్ఛ కోసం నిలబడి తూటా తిన్నాడు, ఆ సాయంత్రానికీ బానిసే. అదే ఏడాది నవంబరులో వర్జీనియా గవర్నరు డన్‌మోర్, తిరుగుబాటుదారుల బానిసలు మా వైపు వచ్చి పోరాడితే స్వేచ్ఛ ఇస్తామన్నాడు. వందల మంది వెళ్లారు. వాళ్లకి స్వేచ్ఛ దొరికే వైపు అదే అయింది. ఆ ప్రకటనలో అందరూ సమానమే అని రాసిన జెఫర్సన్ ఇంట బానిసలున్నారు. పడమటి కొండలు దాటి స్థిరపడొద్దని 1763లో రాజు గీసిన గీత చెరిగిపోవడంతో ఆ అవతలి ఆదివాసీల భూములు పోయాయి. ఊరి సభ గురించి ఇంతసేపు మెచ్చుకున్నాను. ఆ సభలో చెయ్యెత్తే హక్కు ఎవరికి లేదో కూడా చెప్పాలి.

యుద్ధం 1781 అక్టోబరు 19న యార్క్‌టౌన్‌లో దాదాపుగా ముగిసింది. జనరల్ కార్న్‌వాలిస్ లొంగిపోయాడు. ఒంట్లో బాగాలేదని చెప్పి తను రాకుండా, కత్తి అప్పగించడానికి కింది అధికారిని పంపాడు. ఐదేళ్లకి, 1786లో, అతన్నే గవర్నర్ జనరల్‌గా కలకత్తాకి పంపారు. 1765 ఫర్మానాలోని సర్కారుల్లో మన గుంటూరు ఒక్కటే అప్పటిదాకా కంపెనీ స్వాధీనంలోకి రాకుండా, మొదట నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ కింద, 1782లో ఆయన పోయాక నిజాం చేతిలో ఉండిపోయింది. 1788లో అదీ వచ్చింది. నిజాం దగ్గర పట్టుబట్టి దాన్ని తెప్పించుకున్నది యార్క్‌టౌన్‌లో ఓడిన ఆ కార్న్‌వాలిస్సే. ఈ గ్రంథాలయం ఉన్న నేల అది.

ప్రశ్నలుంటే అడగండి.