కొత్తవాళ్ల వెంట వెళ్లిపోయే పిల్లలు

శ్రావణి: అన్నా, పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఆర్నెల్లు సావాసం చేస్తే వారు వీరవుతారనీ అంటారు. రెండూ మనవాళ్ల మాటలే. మీరెటు?

రఘు: (నవ్వు) ఎవరి పిల్లాడన్నదాన్ని బట్టి ఉంటుందమ్మా. మనవాడు బాగుపడితే పెంపకం, పక్కింటోడు చెడితే పుట్టుక! నిజంగా తేల్చాలంటే మాత్రం పిల్లల్ని చీట్లేసి, సగం మందిని ఒకచోట, సగం మందిని ఇంకోచోట పెంచాలి. ఎవరు ఒప్పుకుంటారు? కానీ రొమేనియాలో దాదాపు అదే జరిగింది.

శ్రావణి: చౌషెస్కు రొమేనియానా?

రఘు: మొదలు ఆయనే, అప్పటి నియంత. జనాభా పెరగాలని 1966లో అబార్షన్లు దాదాపు నిషేధించాడు. సాకలేనివాళ్లు పిల్లల్ని ప్రభుత్వ ఆశ్రమాల్లో వదిలేశారు. 1989 డిసెంబర్‌లో ఆయన పడిపోయేసరికి అక్కడ లక్షమందికి పైగా ఉన్నారు. చాలామందికి అమ్మానాన్నలు బతికే ఉన్నారు, అది గుర్తుపెట్టుకో. ఒక్కో ఆయాకి పదిమందికి పైగా పిల్లలు. డ్యూటీ మారితే మనిషీ మారేది.

శ్రావణి: ఏడిస్తే ఎత్తుకునేవాళ్లే ఉండరన్నమాట.

రఘు: అందుకే ఏడవడం మానేసిన పిల్లలూ ఉన్నారు. 2000లో అమెరికా పరిశోధకులు చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా రాజధాని బుకారెస్ట్‌లో పని మొదలుపెట్టారు. ఆరు నెలల నుంచి 31 నెలల వయసున్న 136 మంది ఆశ్రమం పిల్లలు. లాటరీ తీసి 68 మందిని ఫాస్టర్ కుటుంబాలకు, అంటే దత్తత కాకుండా పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని సాకేవాళ్లకు ఇచ్చారు, మిగతా 68 మంది ఎప్పటిలాగే ఆశ్రమాల్లో ఉన్నారు.

శ్రావణి: ఆగండి, ఆ రెండో సగాన్ని తెలిసి తెలిసి అక్కడే వదిలేశారా?

రఘు: ఈ ప్రశ్న వాళ్లనీ వదల్లేదు. అప్పటికి అక్కడ ఫాస్టర్ కుటుంబాలు లేనట్టే. ఈ 68 మంది కోసం వీళ్లే డబ్బిచ్చి తయారుచేశారు. తర్వాత ఎవరికైనా ఇల్లు దొరికితే ఆపకూడదని ముందే రాసుకున్నారు. నాకు పూర్తిగా సమాధానపడలేదు గానీ, ఆ పని జరగకపోతే 136 మందీ అక్కడే ఉండేవాళ్లు.

శ్రావణి: సరే, ఏం తేలింది?

రఘు: నాకు బాగా గుర్తుండిపోయింది తలుపు పరీక్ష. పిల్లాడికి అప్పటికి నాలుగున్నరేళ్లు. కొత్త మనిషి తలుపు కొట్టి, 'రా, నీకొకటి చూపిస్తా' అంటుంది. సొంత ఇంట్లో పెరిగిన పిల్లలు చాలావరకు అమ్మ మొహం చూస్తారు. ఆశ్రమం పిల్లల్లో వెంట నడిచేసినవాళ్లు ఎక్కువ.

శ్రావణి: చూసేవాళ్లు 'ఎంత కలుపుగోలు పిల్లో' అనుకుంటారు!

రఘు: ఆ కలుపుగోలుతనం జబ్బుకి గుర్తు. ఇక ఫాస్టర్ ఇళ్లకు వెళ్లినవాళ్లకి మనుషులతో అనుబంధం కుదిరింది, రెండేళ్ల లోపు వెళ్లినవాళ్లకి ఇంకా బాగా. ఏకాగ్రత లోపం, అతిచురుకుదనం మాత్రం అంతగా తగ్గలేదు.

శ్రావణి: అంటే పెంపకమే గెలిచింది.

రఘు: తొందరపడకు. ఆ పిల్లల జన్యువుల మీద 2012లో ఒక అధ్యయనం వచ్చింది. సెరటోనిన్ అనే మెదడు రసాయనానికి సంబంధించిన జన్యువొకటి, మెదడు కణాల ఎదుగుదలకు సాయపడే బీడీఎన్ఎఫ్ అనేదొకటి. వాటిలో ఒక రకం ఉన్న పిల్లలు ఆశ్రమంలో ఉంటే కొత్తవాళ్ల వెంట పడటం అందరికంటే ఎక్కువ. అదే రకం ఉండి ఫాస్టర్ ఇంటికి వెళితే అందరికంటే తక్కువ!

శ్రావణి: ఒకే జన్యువు అటూ ఇటూనా! అయితే అది మంచిదా చెడ్డదా?

రఘు: ఆ పిల్లలకి చుట్టూ ఉన్నది, మంచైనా చెడైనా, ఎక్కువగా అంటుతుందని పరిశోధకులన్నారు. నేనైతే దీని మీద పందెం కాయను. చిన్న గుంపు, పైగా ఒకటి రెండు జన్యువుల మీద చేసిన ఇలాంటి అధ్యయనాలు తర్వాత నిలబడనివి చాలా ఉన్నాయి. లాటరీ ఫలితం మీద మాత్రం కాస్తాను. దాన్ని ప్రభుత్వం ముందు కూడా పెట్టారు. 2004లో చట్టం వచ్చింది: రెండేళ్ల లోపు పిల్లల్ని ఆశ్రమాల్లో చేర్చకూడదు, తీవ్ర వైకల్యం ఉంటే తప్ప.

శ్రావణి: అదేంటన్నా, ఒడి ఎక్కువ కావాల్సింది వాళ్లకే కదా!

రఘు: ఆ మినహాయింపు నాకూ మింగుడుపడలేదు.