ముందు ఇసక, తర్వాత పడవలు

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ వాటికే సరిపోతాయి. కోప్పడకండి.

ఆహ్వానంలో ‘నదీ వినోదం’ అని వేసి, అమెరికాలోని క్లార్క్ ఫోర్క్ నది గురించి చెప్పమన్నారు. సరే. మోంటానా రాష్ట్రంలో బ్యూట్ రాగి గనుల మట్టి 1908 వరదకు కొట్టుకొచ్చి, ఆ నది మీది మిల్‌టౌన్ డ్యామ్ వెనక మేట వేసింది. 1981లో అక్కడి బావుల్లో ఆర్సెనిక్ అనే విషం బయటపడింది. 2008లో డ్యామ్‌కు గండి కొట్టారు, విషపు మట్టిని రైలు వ్యాగన్లలో తరలించారు. ఇప్పుడు మిసౌలా ఊరి నడుమ జనం పడవలేసుకుంటున్నారు, చేపలు పడుతున్నారు. ఎగువన శుభ్రం చేసే పని ఇంకా అయిపోలేదు.

మన తిరుపతి పక్క స్వర్ణముఖికి ఏ గని మట్టీ రాలేదు. ఇసక కోసం ఏరే గని అయింది.

ముక్కోటికి తొండవాడ పోతే ఇసకలో చెలమ తీసి నీళ్లు తాగేవాళ్లం. పిల్లలకు చెడుగుడు అక్కడే, పెద్దలకు చద్దిమూటలు అక్కడే. టికెట్టు లేని వినోదం! మా తాతలు ఏట్లో ఊటకాలవలు తవ్వుకున్నారు. ఇంటికొక మనిషి పారతో రావాల్సిందే. మోటారు లేదు, కరెంటు లేదు, ఇసకలో ఊరిన నీళ్లు వాటంతటవే మడికి పోయేవి. టిప్పర్లు వచ్చి ఇసక ఎత్తుకుపోయినాక ఏటి అడుగు దిగిపోయి, ఆ కాలవలు గాల్లో వేలాడినాయి.

అర్జీ పట్టుకుని ఒక ఆఫీసుకు పోతే, ‘వానొస్తే ఇసక మళ్లీ వస్తుంది కదా సార్’ అన్నాడు ఆ అధికారి. యాడ్నుంచి వస్తుందయ్యా? స్వర్ణముఖిలో కలిసే కళ్యాణి ఏటి మీద 1977లోనే డ్యామ్ కట్టాం. అక్కడి ఇసక దాని వెనకే ఆగిపోతుంది. ఆ మాట చెప్పేలోపు ఆయన ఫోను ఎత్తుకున్నాడు. నాకు ఇప్పటికీ మండుతుంది.

2021 నవంబరు వరదకు ఒడ్డునున్న ఇల్లు ఏట్లోకి ఒరిగిన వీడియో మీరంతా చూశారు. అంత నీళ్లొచ్చినా ఎండాకాలానికి మిగిలిందెంత? నీళ్లను పట్టి ఉంచే ఇసక లేదు మరి.

వెనక బెంచీల పిల్లలూ, మీలో ఎవరైనా స్వర్ణముఖిలో కాళ్లు తడుపుకున్నారా? చేతులెత్తండి. చూశారా అధ్యక్షా!

చీటీ అందింది, ముగిస్తున్నా. నీళ్లు, నేల, చెట్ల కాపుదలకు పెట్టిన వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది, అర్జీ రాసేటప్పుడు దాన్ని వాడుకోండి. బోటింగ్ సంగతి తర్వాత. వచ్చే వేసవిలో మీ కాలేజీ పిల్లలు వంతెన స్తంభాల దగ్గర ఇసక ఎంత లోతుందో కొలవండి. ఏటేటా కొలిచి గ్రామసభలో చదవండి. కొలకర్ర నేను తెస్తాను.