ఫంగస్‌తో వెండి నానో కణాలు తయారుచేయడం ఎలా? ఫ్లాస్క్‌లో రంగు మారేదాకా మొత్తం ప్రాసెస్

హాయ్ అండి, అందరికీ నమస్కారం. ఇదిగో ఈ రెండు ఫ్లాస్కులు చూడండి, ఒకదాంట్లో నీళ్లు లేత పసుపు రంగులో ఉన్నాయి, ఇంకోదాంట్లో చిక్కటి టీ డికాక్షన్ లాగా ఉన్నాయి కదా. రెండింట్లోనూ ఉన్నది ఒకే ఫంగస్ నుంచి తీసిన నీళ్లే, రెండోదాంట్లో కొంచెం సిల్వర్ నైట్రేట్ అనే వెండి లవణం కలిపి చీకట్లో పెట్టానంతే. ఆ గోధుమ రంగే వెండి నానో కణాలు.

నానోమీటర్ అంటే మీటర్‌లో వంద కోట్లవ వంతు. మన వెంట్రుక మందం దాదాపు 80 వేల నానోమీటర్లు ఉంటుంది, ఇందులో కణాలేమో చాలావరకు 5 నుంచి 50 లోపే ఉంటాయి. మామూలుగా ఇలాంటివి చేయాలంటే ఘాటైన కెమికల్స్ కావాలి, ఆ పని ఇక్కడ బూజు చేసిపెడుతోంది.

మరి బ్యాక్టీరియా ఉండగా ఫంగసే ఎందుకు అంటారా? ఫంగస్ మనలా లోపలికి తీసుకుని అరిగించుకోదండి, ఎంజైమ్‌లని బయటికి వదిలి, అక్కడే ఆహారాన్ని కరిగించి, తర్వాత పీల్చుకుంటుంది. నాకు ఈ సబ్జెక్ట్ మీద ఇష్టం పుట్టింది కూడా ఇది అర్థమైన రోజే. మనకి కావాల్సిన సరుకంతా బయట నీళ్లలోనే ఉంటుంది కాబట్టి ఫంగస్ జీవకణాన్ని పగలగొట్టక్కర్లేదు, వడకడితే చాలు. పుణె నేషనల్ కెమికల్ లాబొరేటరీ వాళ్లు 2001లో వెర్టిసిలియం అనే ఫంగస్‌తో చేస్తే వెండి కణాలు లోపలే ఇరుక్కుపోయాయి, తర్వాత 2003లో ఫ్యుజేరియం ఆక్సిస్పోరంతో చేస్తే బయట ద్రావణంలోనే తయారయ్యాయి, పని అక్కడి నుంచి చాలా తేలికైంది.

కాకపోతే ఫ్యుజేరియం మొక్కలకి ఎండు తెగులు తెస్తుంది, అందుకే నేర్చుకునేవాళ్లకి నేను ట్రైకోడెర్మానే చెప్తాను. రైతులు తెగుళ్లకి విరుగుడుగా వాడేది అదే. అయినా సరే ఇది ల్యాబ్‌లో చేయాల్సిన పని, ఇంట్లో వద్దు.

సరే, పనిలోకి వెళ్దాం. పొటాటో డెక్స్ట్రోజ్ బ్రాత్‌లో, అంటే బంగాళాదుంప రసం, చక్కెర కలిపిన ద్రవంలో, ఫంగస్ వేసి 28 డిగ్రీల దగ్గర షేకర్ మీద నాలుగైదు రోజులు పెంచండి, తెల్లగా దూది ఉండల్లా వస్తుంది, అదే మైసీలియం. దాన్ని వడకట్టి డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు బాగా కడగండి. డిస్టిల్డ్ వాటరే అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, నేను మొదటిసారి కుళాయి నీళ్లతో కడిగేసి సిల్వర్ నైట్రేట్ పోయగానే ఫ్లాస్క్ మొత్తం పాలలా తెల్లగా అయిపోయింది, నీళ్లలో క్లోరైడ్ ఉంటే వెండి దాంతో కలిసి సిల్వర్ క్లోరైడ్ అయిపోతుంది, ఇక నానో కణాలు రావు.

కడిగిన మైసీలియం 10 గ్రాములు తీసుకుని 100 ఎంఎల్ డిస్టిల్డ్ వాటర్‌లో వేసి మూడు రోజులు ఉంచి మళ్లీ వడకట్టండి. ఆ నీళ్లలో సిల్వర్ నైట్రేట్ 1 మిల్లీమోలార్ ఉండేలా కలపాలి, అంటే 100 ఎంఎల్‌కి సుమారు 17 మిల్లీగ్రాములు. గ్లౌజులు మర్చిపోకండి, చర్మం మీద పడితే నల్ల మచ్చలు పడి రోజుల తరబడి పోవు. ఫ్లాస్క్‌కి ఫాయిల్ చుట్టి చీకట్లో పెట్టండి, ఎందుకంటే వెలుతురుకి కూడా వెండి నల్లబడుతుంది, అప్పుడు అది ఫంగస్ చేసిన పనో కాదో తెలీదు. పక్కన ఇంకో రెండు ఫ్లాస్కులు కూడా పెట్టాలి, ఒకదాంట్లో ఫంగస్ నీళ్లు మాత్రమే, ఇంకోదాంట్లో ఉత్త సిల్వర్ నైట్రేట్. ఆ రెండూ మారకుండా ఇదొక్కటే గోధుమ రంగుకి తిరిగితేనే లెక్క.

లోపల జరిగేదేంటంటే, ఫంగస్ వదిలిన ఎంజైమ్‌లు, ముఖ్యంగా నైట్రేట్ రిడక్టేజ్ లాంటివి, నీళ్లలో కరిగి ఉన్న వెండి అయాన్లకి, అంటే ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న వెండికి, ఎలక్ట్రాన్లు ఇస్తాయని చాలామంది చెప్తారు, అలా ఏర్పడిన వెండి పరమాణువులు గుంపుగా చేరతాయి, ప్రొటీన్లు వాటి చుట్టూ కోటులా అంటుకుని ఒకదానికొకటి ముద్దకట్టకుండా ఆపుతాయి. ఆ కోటు మనం వేయకుండానే ఉచితంగా వచ్చేస్తుంది చూడండి, నాకైతే అసలు విశేషం అదే. ఇక ద్రావణం ఏ కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచే యూవీ విజిబుల్ మెషీన్‌లో పెడితే 420 నానోమీటర్ల దగ్గర్లో పీక్ వస్తుంది, అది కాంతి తరంగం పొడవు, కణం సైజు కాదు. సైజు, ఆకారం తెలియాలంటే మాత్రం ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూడాల్సిందే, రంగు చూసి సైజు చెప్పేయకండి.

వాడకం విషయానికొస్తే, వెండి కణాలు బ్యాక్టీరియా గోడని దెబ్బతీస్తాయి కాబట్టి గాయాల డ్రెస్సింగ్‌లకి, బట్టలకి, పంట తెగుళ్లకి వీటిని పరీక్షిస్తున్నారు. బ్రెజిల్ పరిశోధకులు 2007లో ఫ్యుజేరియంతో చేసిన కణాల్ని కాటన్ గుడ్డలో పట్టించి స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా మీద పనిచేస్తుందని చూపించారు, నాకు బాగా నచ్చిందేంటంటే ఆ గుడ్డ ఉతికిన నీళ్లలోకి వచ్చిన వెండిని కూడా ఇంకో బ్యాక్టీరియాతో శుభ్రం చేయడం గురించి ఆలోచించారు. నీళ్లలో, మట్టిలో ఉండే మంచి సూక్ష్మజీవుల్ని కూడా వెండి చంపుతుంది కదా.

అందుకే ప్రయోగం అయ్యాక ఈ ద్రావణాన్ని సింక్‌లో పోయకండి, వెండి వేస్ట్ కోసం వేరే సీసా పెట్టి లేబుల్ అంటించండి, మిగిలిన ఫంగస్‌ని ఆటోక్లేవ్ చేశాకే, అంటే ఒత్తిడితో కూడిన ఆవిరిలో చంపాకే, పారేయండి.