సంతకానికి ముందు అడగాల్సిన ప్రశ్నలు

అందరికీ నమస్కారం. పీఈటీ మాస్టార్లకి, తల్లిదండ్రులకి, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ కబడ్డీ జట్టుకి కూడా. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి బాబూ. ఇది మీ గురించే.

ఒడిశా, ఆంధ్ర సరిహద్దులో ఉన్న మన పర్లాకిమిడిలో దసరా వెళ్ళిందంటే ఆటల హడావిడి మొదలవుతుంది. స్కూలు ఆటలు, బ్లాకు ఆటలు, జిల్లా సెలక్షన్లు. మరోపక్క తెల్లవారుజామున పాతపట్నం రోడ్డు మీద ఆర్మీ సెలక్షన్ కోసం పరుగెత్తే కుర్రాళ్ళు. ఈ రోజుల్లో నా ఓపీకి వచ్చేవాళ్ళలో చాలామందికి ఏ జబ్బూ ఉండదు. చేతిలో ఒక కాగితం ఉంటుంది, పిల్లాడు ఆటకి పనికొస్తాడని డాక్టరు సంతకం పెట్టాల్సింది. "సార్, రేపే మ్యాచ్, సంతకం పెట్టేయండి" అంటారు. కొన్నిసార్లు పిల్లలు కూడా రారు, జట్టు మొత్తం కాగితాలు కట్టకట్టి ఒక్కరే తెస్తారు. పిల్లలెక్కడ అంటే బస్సులో ఉన్నారంటారు.

ఆ కాగితం మీద సంతకం ఉంటే టోర్నమెంటు వాళ్ళు ఆడనిస్తారు. పిల్లాడి గుండెకి మాత్రం ఆ సంతకం సంగతి తెలీదు.

ఆటకి ముందు పరీక్ష అనగానే అందరూ మెషీన్ల గురించి అడుగుతారు. "ఈసీజీ తీయిస్తే సరిపోతుందా? ఎకో కూడా కావాలా? విశాఖ తీసుకెళ్ళమంటారా?" కొంచెం ఆగండి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వాళ్ళు ఆటగాళ్ళ గుండె పరీక్షకి ఒక జాబితా తయారుచేశారు. అందులో మొత్తం 14 అంశాలు. వాటిలో పది కేవలం ప్రశ్నలు. డాక్టరు చేత్తో, చెవితో చూసేవి నాలుగే. అంటే పరీక్షలో పెద్ద భాగం మీ నోటి నుంచి రావాలి. మీరు దాచినా, మర్చిపోయినా, చిన్న విషయమేలే అనుకుని వదిలేసినా, నా స్టెతస్కోపు ఆ లోటు పూడ్చలేదు.

ఏమిటా ప్రశ్నలు? పరుగెత్తుతున్నప్పుడు ఛాతీలో నొప్పి, బిగువు వచ్చిందా? ఆడుతూ ఆడుతూ కళ్ళు తిరిగి పడిపోయాడా? తోటి పిల్లలు మామూలుగా ఉన్నప్పుడు వీడొక్కడికే ఆయాసం వస్తోందా? ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుందా? గుండెలో ఏదో చప్పుడుందని ఎప్పుడైనా ఏ డాక్టరైనా చెప్పాడా? ఆ తర్వాత ఇంటి సంగతులు. రక్తసంబంధీకుల్లో యాభై ఏళ్ళు నిండకుండా ఎవరైనా హఠాత్తుగా పోయారా? అదే వయసులో గుండె జబ్బుతో మంచాన పడ్డవాళ్ళున్నారా?

ఈ ఇంటి సంగతుల దగ్గరే మన ప్రాంతంలో చిక్కు. చావుకి మనం చెప్పుకునే కారణాలు వేరు. "మా తమ్ముడికి గాలి సోకింది." "ఎవరో చిల్లంగి పెట్టారు." "ఏదో పురుగు ముట్టింది." ఇంకొకటి, నేను ప్రత్యేకంగా అడిగేది: "మహేంద్రతనయ ఏట్లో మునిగిపోయాడు." సరే, ఈత వచ్చా అంటే, "అయ్యో, చేపలా ఈదేవాడండీ" అంటారు. బాగా ఈత వచ్చినవాడు మామూలు నీళ్ళలో మునిగిపోయాడంటే ఒక అనుమానం పెట్టుకోవాలి. గుండె కరెంటు వ్యవస్థలో పుట్టుకతో వచ్చే లోపం ఒకటుంది, లాంగ్ క్యూటీ అంటారు. అందులో ఒక రకానికి ఈత కొట్టడమే లయ తప్పడానికి కారణమవుతుంది. అది కుటుంబాల్లో నడుస్తుంది. అందుకని మేనమామ ఏట్లో పోయాడన్న సంగతి మేనల్లుడి క్రికెట్‌కి సంబంధం లేనిది కాదు. చెప్పండి. గాలి సోకిందని చెప్పినా ఫర్వాలేదు, నేను నవ్వను. వయసెంత, ఆ సమయంలో ఏం చేస్తున్నాడు, ఈ రెండూ చెబితే చాలు.

ఒక సంగతి చెబుతాను. కాశీనగర్ వైపు నుంచి కబడ్డీ ఆడే కుర్రాడొకడు వచ్చాడు, మంచి రైడర్. కాగితంలో అన్నిటికీ "లేదు" అని టిక్కులు పెట్టుకుని తెచ్చాడు. ఎప్పుడైనా పడిపోయావా అంటే లేదన్నాడు. గుండె దడ? లేదన్నాడు. బల్ల పక్కన వాళ్ళమ్మ కూర్చుని ఉంది. ఫారం ఒడియాలో ఉంది, ఆవిడకి చదవడం రాదు. అవే ప్రశ్నలు తెలుగులో ఆవిణ్ణి అడిగాను. "మొన్న సంకురాత్రికి గ్రౌండులో కూలబడిపోయావు కదరా, నీళ్ళు కొడితే లేచావు కదా?" అంది వాడి వైపు తిరిగి. వాడు నేల చూపులు చూశాడు. "అది పొద్దున్నించి ఏం తినలేదమ్మా, అందుకు" అన్నాడు. అప్పుడు ఈసీజీ తీశాం. గుండెలో పుట్టుకతోనే ఒక అదనపు దారి ఉంది, కరెంటు అడ్డదారిన పోతోంది. విశాఖలో తొడ దగ్గర రక్తనాళం గుండా సన్నటి తీగ పంపి ఆ దారిని కాల్చేశారు. కొన్నాళ్ళ విశ్రాంతి తర్వాత పెద్ద డాక్టర్లే ఆడుకోమన్నారు. ఇప్పుడు ఆడుతున్నాడు.

పిల్లలు ఎందుకు దాస్తారో నాకు తెలుసు. ఆట ఆపేస్తారని భయం. ఆ భయం కొంతవరకూ మా డాక్టర్లు తెచ్చిపెట్టిందే. కొంచెం అనుమానం వస్తే చాలు, "ఆటలు మానేయ్" అని రాసేస్తాం, మాకు అది సులువు. నిజానికి ఈ పరీక్ష చేసినవాళ్ళలో పూర్తిగా ఆట మానెయ్యాల్సి వచ్చేవాళ్ళు చాలా తక్కువ. ఎక్కువమందికి కావాల్సింది చిన్న వైద్యమో, జాగ్రత్తో, కొన్ని వారాల విరామమో. అందుకే సీజన్‌కి కనీసం ఆరు వారాల ముందు రమ్మంటాను. రేపు మ్యాచ్ అనగా ఈరోజు వస్తే, అనుమానం వచ్చినా నాకు ఆపడం తప్ప ఇంకో దారి ఉండదు.

ఇక నా వంతు నాలుగు. చేతికి బీపీ చూస్తాను. గుండె చప్పుడు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి వింటాను. గుండెలో మర్మర్ అనే అదనపు శబ్దం ఉంటే మామూలుగా అది నిలబడినప్పుడు తగ్గాలి, నిలబడినప్పుడు పెరిగితే గుండె కండరం మందంగా ఉందేమోనని చూడాలి. తొడ మొదట్లో నాడి పట్టుకుంటాను. అక్కడ కొందరు పిల్లలు సిగ్గుపడి మెలికలు తిరుగుతారు. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం, బృహద్ధమని, ఒకచోట ఇరుకైపోతే కాళ్ళకి రక్తం సరిగా పోదు, అక్కడ నాడి బలహీనంగా ఉంటుంది, అందుకే చూడటం. నాలుగోది చేతులు చాచమనడం. ఎత్తు కంటే చేతుల చాపు బాగా ఎక్కువుండి, సన్నటి పొడుగాటి వేళ్ళుంటే బృహద్ధమనిని బలహీనపరిచే మార్ఫన్ అనే జబ్బు గుర్తుకు రావాలి. బాస్కెట్‌బాల్‌కి, వాలీబాల్‌కి ఇలాంటి పొడుగాటివాళ్ళనే ఏరుకుంటాం కదా!

గుండె కండరం మందం అన్నాను. 2003 జూన్ 26న ఫ్రాన్స్‌లోని లియాన్‌లో కామెరూన్ ఫుట్‌బాల్ ఆటగాడు మార్క్ వివియన్ ఫోయే మైదానంలో ఎవరూ తాకకుండానే కుప్పకూలి చనిపోయాడు. ఆ జబ్బే. ఆ తర్వాత 2006 ప్రపంచ కప్ నుంచి ఫిఫా ఆటగాళ్ళందరికీ ముందస్తు పరీక్ష పెట్టింది.

ఈసీజీ అందరికీ తీయాలా అన్న దాని మీద ప్రపంచంలోనే గొడవ ఉంది. ఇటలీలో 1982 నుంచి పోటీల్లో ఆడే ప్రతివాడికీ చట్టప్రకారం ఈసీజీ తప్పనిసరి. అక్కడ వెనెటో ప్రాంతంలో యువ ఆటగాళ్ళ హఠాన్మరణాలు ఏడాదికి లక్షకి 3.6 నుంచి 0.4కి పడిపోయాయి. ఇజ్రాయెల్ కూడా 1997లో చట్టం చేసింది. అక్కడ లెక్కలు తీస్తే పెద్ద తేడా కనిపించలేదు. అమెరికా వాళ్ళు అందరికీ వద్దంటారు, మంచి గుండెల్లో కూడా అనుమానాలు పుట్టించి పిల్లల్ని అనవసరంగా ఆపేస్తుందని. నా మట్టుకు నాకు, మన దగ్గర ముందు ప్రశ్నలు సరిగ్గా అడగాలి. ఏ ఒక్క దానికైనా "అవును" వస్తే ఈసీజీ. రాష్ట్ర స్థాయికి వెళ్ళేవాళ్ళకి, ఆర్మీ పరుగుకి సాధన చేసేవాళ్ళకి ప్రశ్నలతో పాటు ఒక ఈసీజీ కూడా తీయించడం మంచిదే, అదేం పెద్ద ఖర్చు కాదు.

పాశ్చాత్య దేశాల పుస్తకాల్లో ఎక్కువ కనిపించని జబ్బు మన దగ్గర ఒకటుంది. చిన్నప్పుడు గొంతు నొప్పి వచ్చి, తర్వాత మోకాలు, చీలమండ, మోచెయ్యి ఒకదాని తర్వాత ఒకటి వాచాయా? అది గుండె కవాటాల్ని పాడుచేసే రుమాటిక్ జ్వరం కావచ్చు. మూడు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ వేయించుకుంటూ మధ్యలో మానేసినవాళ్ళుంటే తప్పకుండా చెప్పండి. కాగితాలు శ్రీకాకుళంలోనో విశాఖలోనో బరంపురంలోనో చూపించినవైనా సరే, అన్నీ ఒక కవర్లో పెట్టి తేండి. సరిహద్దుకి అటు కొంత వైద్యం, ఇటు కొంత వైద్యం. పూర్తి కథ ఒక్క మీ ఇంటి ట్రంకు పెట్టెలోనే ఉంటుంది.

ఇప్పుడు సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవళ్ళలా వంగిపోయే, తల్లిదండ్రుల నుంచి వచ్చే జబ్బు. ఇది మన ఒడిశాకీ, ఛత్తీస్‌గఢ్‌కీ, అటు గడ్చిరోలి వైపుకీ బాగా దగ్గర సంబంధం ఉన్న విషయం. 2023 జూలై 1న కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌లో ఏడు కోట్ల మందికి పరీక్ష చేయాలన్నది లక్ష్యం. జబ్బు పూర్తిగా ఉన్న పిల్లలు మనకి తెలుస్తారు, ఒళ్ళునొప్పులు, రక్తహీనత, పచ్చకళ్ళు. ట్రెయిట్ ఉన్నవాళ్ళు తెలియరు. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క వైపు నుంచే ఆ లక్షణం వచ్చినవాళ్ళు. మామూలుగా ఉంటారు, పని చేస్తారు, ఆడతారు. ఆడొచ్చు కూడా. కానీ మొదటి రోజే ఎండలో, నీళ్ళు లేకుండా, ఆపకుండా స్ప్రింట్ల మీద స్ప్రింట్లు కొట్టిస్తే కొందరికి కండరాల్లో రక్తకణాలు కొడవళ్ళలా వంగి రక్తం అడ్డుపడిపోతుంది. 2006లో అమెరికాలో ఒక యూనివర్సిటీ ఫుట్‌బాల్ కుర్రాడు ఇలాగే ప్రాక్టీసులో పడిపోయి మర్నాడు చనిపోయాడు. 2010 నుంచి అక్కడి పెద్ద కాలేజీ ఆటగాళ్ళకి ఈ పరీక్ష వచ్చింది.

మాస్టార్లు ఇది జాగ్రత్తగా వినాలి. కండరం పట్టేసినవాడికి అది గట్టిపడుతుంది, కాలు పట్టుకుని అరుస్తాడు. సికిల్ వల్ల పడేవాడు అరవడు. కాళ్ళలో బలం పోయి మెల్లగా కూలబడతాడు, మాట్లాడుతూనే ఉంటాడు, "కాళ్ళు లేవట్లేదు సార్" అంటాడు. బద్ధకమనుకుని "లే, ఇంకో రౌండ్" అంటే ప్రాణం మీదకి వస్తుంది. వెంటనే ఆపండి, నీడలోకి చేర్చండి, 108కి ఫోన్ చేయండి.

తల్లిదండ్రుల టెన్షన్ వేరు. ట్రెయిట్ అని కాగితం మీద రాస్తే రేపు అమ్మాయికి సంబంధాలు వస్తాయా అని. ఆ కాగితం గోడకి అంటించక్కర్లేదు. మీకు, డాక్టరుకి, కోచ్‌కి తెలిస్తే చాలు. కోచ్ కూడా దాన్ని జట్టు ముందు చదవకూడదు.

ఆడపిల్లల విషయంలో రెండు మాటలు తల్లులతోనే చెప్పాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనతే. అమ్మాయి పరుగులో వెనకబడుతోందంటే కోచ్ తిట్టేముందు రక్తం చూపించాలి. రెండోది నెలసరి. గట్టిగా సాధన చేసే అమ్మాయికి వరసగా మూడు నెలలు నెలసరి రాకపోతే "ఆటలు ఆడుతుంది కదా, మామూలే" అనుకోకండి. తిండి చాలట్లేదు, ఎముకలు బలహీనపడతాయి. చోళ్ళంబలి (రాగి అంబలి), గుడ్డు, పప్పు, వేరుశనగ పల్లీలు పెంచండి, డాక్టరుకి చూపించండి. మగ కోచ్ అడగలేని ప్రశ్న ఇది.

ఉబ్బసం ఉంటే పంపు జేబులో ఉండాలి. ఫిట్స్ ఉంటే చెప్పాలి. కబడ్డీలో తలకి దెబ్బ తగిలి మైకం కమ్మితే ఆ రోజు మళ్ళీ కోర్టులోకి దిగకూడదు, ఫైనలైనా సరే.

ఎండ సంగతి. 2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ సెలక్షన్‌కి పది కిలోమీటర్ల పరుగు పెడితే పది మందికి పైగా కుర్రాళ్ళు చనిపోయారు. ఉద్యోగం కోసం వెళ్ళిన పిల్లలు వాళ్ళు. అలవాటు లేని ఒంటిని ఎండకి, ఉక్కకి సిద్ధం చేయడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. సెలక్షన్ తేదీ చూసుకుని ముందు వారం మాత్రమే పరుగు మొదలుపెట్టేవాళ్ళు ఇక్కడ కూడా కొందరున్నారు. ఎవరో వాళ్ళకే తెలుసు, నవ్వుతున్నారు కూడా.

ఇంత చేసినా కొన్ని తప్పించుకుంటాయి. 2021 జూన్ 12న కోపెన్‌హాగెన్‌లో డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ మ్యాచ్ మధ్యలో పడిపోయాడు. అతను ఆడేది ఇటలీ క్లబ్బుకే, అంత గట్టి పరీక్షల్లో నెగ్గినవాడే. అతన్ని బతికించింది వెంటనే ఛాతీ నొక్కినవాళ్ళు, పక్కనే ఉన్న, గుండెకి షాక్ ఇచ్చే మెషీను. తర్వాత ఛాతీలో, గుండె లయ తప్పితే షాక్ ఇచ్చే చిన్న పరికరం పెట్టారు. ఆ పరికరంతో ఆడటానికి ఇటలీ ఒప్పుకోలేదు, ఇంగ్లండ్ వెళ్ళి మళ్ళీ ఆడాడు.

మన గ్రౌండ్లలో ఆ మెషీను లేదు. గుమ్మ, సెరంగో వైపు మైదానాలకి అంబులెన్స్ కొండెక్కి రావడానికే ఎంతసేపు పడుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. అది వచ్చేదాకా చేతులే దిక్కు. ఛాతీ మధ్యలో, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్ళకైతే ఐదారు సెంటీమీటర్లు లోపలికి పోయేలా నొక్కాలి. ముఖం మీద నీళ్ళు కొట్టడం, చేతిలో తాళాలు పెట్టడం వద్దు.

ఫారాలు ఆ చివర బల్ల మీద ఉన్నాయి, ఒడియాలోనూ తెలుగులోనూ. సవర పిల్లలకి చదివి చెప్పడానికి ఇద్దరు టీచర్లు కూర్చున్నారు. ఇంటికి తీసుకెళ్ళి అమ్మమ్మ, నాయనమ్మ దగ్గర కూర్చుని నింపండి, ఇంటి చావుల లెక్క వాళ్ళకే గుర్తుంటుంది. ఇప్పుడు ఈ బొమ్మ మీద ఛాతీ ఎలా నొక్కాలో చూపిస్తాను. ముందు పీఈటీ మాస్టార్లు రండి, తర్వాత కబడ్డీ జట్టు.