ఊరి పక్కనే ఉన్న అడవి: బ్లూ హిల్స్ దారుల్లో

శ్రోతలందరికీ నమస్కారం.

బాస్టన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళని హైకింగ్‌కి ఎక్కడికి వెళ్తారని అడిగితే దాదాపు అందరూ న్యూహాంప్‌షైర్ పేరే చెప్తారు. పొద్దున్నే ఐదింటికి లేచి, పులిహోర డబ్బాల్లో సర్దుకుని, రెండు రెండున్నర గంటలు కారు నడిపి వైట్ మౌంటెన్స్ చేరి, ఒక కొండెక్కి, ఫొటోలు దిగి, చీకటి పడ్డాక ఇంటికొచ్చి మంచం మీద వాలిపోతారు. బాగానే ఉంటుంది, నేను కాదనను. కానీ అది ఏడాదికి ఒకటో రెండో సార్లు కుదిరే పని. నేను ఇవాళ మాట్లాడదలుచుకున్నది వారం వారం వెళ్ళగలిగే అడవి గురించి.

బాస్టన్ నడిబొడ్డు నుంచి దక్షిణంగా పది మైళ్ళు, అంటే ఒక 16 కిలోమీటర్లు వెళ్తే బ్లూ హిల్స్ రిజర్వేషన్ వస్తుంది. ఇక్కడ రిజర్వేషన్ అంటే జనం తిరగడానికి, అడవి అడవిగా ఉండడానికి ప్రభుత్వం అట్టేపెట్టిన భూమి అన్నమాట. 7,000 ఎకరాల పైచిలుకు, చిన్నా పెద్దా కలిపి 22 కొండలు, 125 మైళ్ళకు మించిన కాలిబాటలు. ఇదంతా ఎక్కడో జనసంచారం లేనిచోట కాదు, క్విన్సీ, మిల్టన్, కాంటన్, రాండాల్ఫ్ లాంటి ఊళ్ళ మధ్యలో ఉంది. 93 నంబరు హైవే దీని గుండానే పోతుంది. రోజూ ఆఫీసుకి వెళ్తూ ఆ హైవే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని, పక్కనున్న ఆ చెట్లవైపే చూస్తూ కూర్చునేవాళ్ళు ఎంతమందో. లోపలికి వెళ్ళేవాళ్ళు మాత్రం తక్కువ. వెళ్ళినా హోటన్స్ పాండ్ అనే చెరువు దగ్గర పిల్లల్ని ఈత కొట్టించి వచ్చేస్తారు, లేదంటే గ్రేట్ బ్లూ హిల్ అనే పెద్ద కొండ ఒకసారి ఎక్కి దిగి, చూసేశాం అనుకుంటారు.

ఆ పెద్ద కొండ ఎత్తు 635 అడుగులు. మనకి 193 మీటర్లు. తిరుమల మెట్లెక్కినవాళ్ళకి అదొక లెక్కలోది కాదు. అయినా సముద్రం దగ్గరగా ఉండడం వల్ల దాని మీదనుంచి చూస్తే బాస్టన్ మేడలు, హార్బరు, ద్వీపాలు అన్నీ కనిపిస్తాయి. అప్పట్లో ఓడల మీద తీరానికి వచ్చిన యూరప్ వాళ్ళకి దూరంనుంచి ఈ కొండలు నీలంగా కనబడ్డాయి, అందుకే ఆ పేరు. వాళ్ళకంటే ఎంతో ముందునుంచీ మాసచూసెట్ తెగవాళ్ళు ఇక్కడ ఉన్నారు, ఈ కొండల్లో రాయి తవ్వి పనిముట్లు చేసుకున్నారు. మాసచూసెట్స్ రాష్ట్రానికి ఆ పేరు వాళ్ళనుంచి వచ్చిందే.

ఇంత పెద్ద నగరం పక్కన ఇంత అడవి ఎలా మిగిలిందని నాకు మొదట్లో చాలా ఆశ్చర్యంగా ఉండేది. అది దానంతటది మిగల్లేదు, మిగిల్చారు. చార్లెస్ ఎలియట్ అని ఒక ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్, సిల్వెస్టర్ బ్యాక్‌స్టర్ అని ఒక పత్రికా విలేఖరి, ఇద్దరూ కలిసి నగరం ఇలాగే పెరుగుతూ పోతే కొండలు, ఏటి ఒడ్డులు, సముద్రతీరాలు అన్నీ ఎవరో ఒకరి సొంతమైపోతాయి, అప్పుడు మామూలు మనిషి గాలి పీల్చుకోవడానికి చోటే ఉండదు, కాబట్టి ఇప్పుడే కొనేయాలి అని పట్టుబట్టారు. 1893లో మెట్రోపాలిటన్ పార్క్ కమిషన్ ఏర్పడింది. అది మొదట్లోనే కొన్న వాటిలో బ్లూ హిల్స్ ఒకటి. ఎలియట్ 1897లో, 37 ఏళ్ళకే చనిపోయారు. గ్రేట్ బ్లూ హిల్ మీద రాతితో కట్టిన చిన్న బురుజుకి ఆయన పేరే పెట్టారు. చాలామంది దాని మీదకెక్కి సెల్ఫీ తీసుకుని దిగిపోతారు గానీ, ఆయన ఎవరో ఒక్క నిమిషం తలుచుకోవాలని నా కోరిక. ఎందుకంటే ఈ కొండలు గ్రానైటు కొండలు. పక్కనే క్విన్సీలో 1826లోనే బాస్టన్‌లోని బంకర్ హిల్ యుద్ధ స్మారక స్తంభానికి రాయి తోలడం కోసం ప్రత్యేకంగా రైలుమార్గం వేశారు, గుర్రాలు లాగేవి. ఆ తర్వాత దశాబ్దాల తరబడి అక్కడ కొండల్ని తొలుస్తూనే పోయారు. హైదరాబాద్ చుట్టూ, కరీంనగర్ దారిలో, గుట్టలకి గుట్టలే క్వారీలకి కరిగిపోవడం కళ్ళారా చూసినవాళ్ళం మనం. ఎవరో ఒకరు సమయానికి అడ్డుపడకపోతే ఏమవుతుందో మనకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఆ క్విన్సీ క్వారీ గోతుల్ని ఈమధ్యకాలంలో, బాస్టన్ కింద సొరంగ రోడ్లు తవ్వినప్పుడు వచ్చిన మట్టితో నింపారు. ఇప్పుడు అదీ ఈ రిజర్వేషన్‌లో భాగమే, మిగిలిన రాతిగోడల మీద కుర్రాళ్ళు తాళ్ళు కట్టుకుని ఎక్కుతుంటారు.

గ్రేట్ బ్లూ హిల్ మీద వాతావరణ పరిశీలన కేంద్రం కూడా ఉంది. అబ్బాట్ లారెన్స్ రాచ్ అనే ఆయన సొంత డబ్బుతో కట్టించారు, 1885 నుంచి ఇవాళ్టిదాకా ఆపకుండా అక్కడ గాలి, వాన, ఎండ లెక్క రాస్తున్నారు. 1938 సెప్టెంబరు 21న వచ్చిన హరికేన్‌లో ఇక్కడ గంటకి 186 మైళ్ళ గాలి నమోదైంది, సుమారు 300 కిలోమీటర్లు. 2014లో హుద్‌హుద్ తుఫాను రోజు విశాఖలో గడిపినవాళ్ళు ఆ అంకె అంటే ఏమిటో ఊహించుకోగలరు.

సరే, అసలు నడక సంగతికి వస్తాను. నేను మీకు గట్టిగా చెప్పేది స్కైలైన్ ట్రెయిల్ గురించి. పడమటి కొసనుంచి తూర్పు కొస దాకా కొండల నెత్తిమీదుగా పోయే దారి, దాదాపు తొమ్మిది మైళ్ళు. ఒక్కరోజులో మొత్తం నడవాలనేమీ లేదు. ముక్కలు ముక్కలుగా నడవండి. ఎత్తు తక్కువ కదా అని తేలిగ్గా తీసుకోవద్దు, ఎందుకంటే ఈ దారి కొండల్ని చుట్టుకుని పోదు, ఒక్కో కొండా నిటారుగా ఎక్కిస్తుంది, అవతలివైపు అంతే నిటారుగా దింపుతుంది, మళ్ళీ ఎక్కిస్తుంది. కొన్నిచోట్ల రెండు చేతులూ బండకి ఆనించి పాకాలి, కొన్నిచోట్ల కూర్చుని జారుతూ దిగాలి. రాలిన ఓక్ ఆకుల కింద ఓక్ కాయలు గోళీల్లా దొర్లుతాయి, అక్టోబరులో కాలు జారేది రాయి మీద కాదు, వాటి మీద. బక్ హిల్ మీదకి చేరాక చెట్లు పల్చబడి ఉత్త బండ మిగులుతుంది, నాలుగు దిక్కులా కనిపిస్తుంది. జూలైలో ఆ బండల సందుల్లో మోకాలెత్తు కూడా లేని బ్లూబెర్రీ పొదలు కాస్తాయి. ఆ పళ్ళు దుకాణంలో కొన్నవాటి సైజులో సగం కూడా ఉండవు, రుచి మాత్రం వాటికే ఉంది.

దారి తప్పుతామేమోనని చాలామందికి టెన్షన్. అక్కర్లేదు, కాస్త చూసుకుని నడిస్తే చాలు. స్కైలైన్ పొడుగునా చెట్ల బోదెల మీద, బండల మీద నీలం రంగు పట్టీలు వేసి ఉంటాయి. రెండు పట్టీలు ఒకదాని మీద ఒకటి కనబడితే అక్కడ దారి మలుపు తిరుగుతోందని అర్థం. బాటలు కలిసే చోట్ల చెట్టుకి నాలుగంకెల నంబరు కొట్టి ఉంటుంది, మ్యాపులో ఆ నంబరు వెతుక్కుంటే మీరెక్కడున్నారో ఖచ్చితంగా తెలిసిపోతుంది. ఎవరికైనా కాలు బెణికి 911కి ఫోన్ చేయాల్సివచ్చినా చెట్టు మీది ఆ నంబరు చెప్తే చాలు, మనుషులు సూటిగా అక్కడికే వస్తారు. అందుకే ఒక నంబరు దాటిన ప్రతిసారీ పైకి చదవమని పిల్లలకి చెప్పండి, వాళ్ళకి ఆటగా ఉంటుంది, మీకు పనికొస్తుంది.

పాముల గురించి అందరూ అడుగుతారు. ఈ కొండల్లో టింబర్ ర్యాటిల్ స్నేక్ ఉంది, కాపర్‌హెడ్ ఉంది, రెండూ విషం ఉన్నవే, రెండూ చాలా అరుదుగా కనిపించేవే. మాసచూసెట్స్‌లో అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నాయి కాబట్టి వాటి జోలికి వెళ్ళడం నేరం కూడా. చెయ్యి పెట్టేముందు బండ సందు చూసుకోండి, కనబడితే దూరం జరగండి, అంతే. నిజంగా భయపడాల్సింది టిక్స్‌కి. మనవైపు పశువులకి పట్టే పిడుదుల జాతే, కానీ ఇక్కడి జింకల మీద ఉండేవి పిల్లదశలో గసగసాల గింజంత ఉంటాయి, మే నుంచి జూలై దాకా ఎక్కువ. వీటివల్ల లైమ్ జబ్బు వస్తుంది. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోండి, లేత రంగు బట్టలు వేసుకోండి, బాట మధ్యలో నడవండి. ఇంటికి రాగానే ఆ బట్టలు ఉతకడానికి ముందే డ్రయ్యర్‌లో పది నిమిషాలు బాగా వేడి మీద తిప్పండి, అవి చస్తాయి. చంకలు, మోకాళ్ళ వెనక, చెవుల వెనక, పిల్లలకైతే జుట్టులో చూడండి. కరుచుకుని ఉంటే సన్నని పట్టకారుతో చర్మం దగ్గరే పట్టుకుని నిదానంగా పైకి లాగాలి. కొవ్వొత్తి, నూనె, అగ్గిపుల్ల, ఆ చిట్కాలేవీ వద్దు. ఒక రోజు గడిచేలోపే తీసేస్తే లైమ్ వచ్చే అవకాశం చాలా తగ్గిపోతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఇండియా నుంచి ఆరు నెలలకని వచ్చే అమ్మానాన్నలు, అత్తమామలు ఇక్కడ ఏం చేస్తున్నారో ఒకసారి ఆలోచించండి. మనం ఆఫీసుకి, పిల్లలు బడికి వెళ్ళిపోతే వాళ్ళు రోజంతా సోఫాలో కూర్చుని టీవీ సీరియళ్ళు చూస్తున్నారు. జీవితమంతా పొలానికి, గుడికి, బజారుకి నడిచిన కాళ్ళవి. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు ఇక్కడ రోడ్డు మీద మనిషే కనబడడు, ఎవరితో మాట్లాడతాం అనేది. హోటన్స్ పాండ్ చుట్టూ ఒక మైలు బాట ఉంది, పెద్దగా ఎత్తుపల్లాలు లేనిది, చీర మీద స్నీకర్స్ వేసుకుని నడవచ్చు. అక్కడికి తీసుకెళ్ళాను. ఎదురొచ్చిన ప్రతివాళ్ళూ హాయ్ అంటుంటే ఆవిడ ప్రతివాళ్ళకీ నమస్తే అంది. కొంచెం లోపలికి, చెట్ల మధ్యకి వెళ్ళాక నడుం ఎత్తున రాళ్ళ వరస ఒకటి అడవిలోకి పోతూ కనిపించింది. నేను రోజూ చూసేదే, ఎప్పుడూ పట్టించుకోలేదు. అమ్మ ఆగి, ఆ రాళ్ళ మీద చెయ్యి వేసి, "ఇది ఎవరిదో చేను గట్టురా, రాళ్ళేరి పేర్చారు చూడు, ఇక్కడ ఒకప్పుడు దున్నారు" అంది. నిజమే. న్యూ ఇంగ్లండ్, అంటే అమెరికా ఈశాన్య మూలనున్న ఈ రాష్ట్రాల అడవుల్లో కనిపించే ఆ రాతిగోడలు పాత రైతులు నాగలికి అడ్డొచ్చిన రాళ్ళు ఏరి పేర్చినవే. వాళ్ళు పొలాలు వదిలి వెళ్ళిపోయాక చెట్లు తిరిగి మొలిచాయి. ఆవిడకి ఎవరూ చెప్పలేదు, వ్యవసాయం చేసిన కంటికి అది తెలిసిపోయింది. ఆ తర్వాత ఉన్నన్నాళ్ళూ మనం చేలగట్లకి ఎప్పుడు వెళ్తాం అని తనే అడిగేది. దయచేసి మీ పెద్దవాళ్ళని తీసుకెళ్ళండి. లోపలికి టికెట్టు లేదు, గ్రీన్ కార్డు అడగరు, పొద్దు పొడిచింది మొదలు చీకటి పడేదాకా ఎవరైనా తిరగొచ్చు.

హైవేకి దక్షిణాన పాంకపోగ్ చెరువు ఉంది, దాని చుట్టూ నాలుగు మైళ్ళ బాట. చెరువు పక్కన వైట్ సీడార్ చెట్లు పెరిగే ఒక బురద నేల ఉంది, దానిలోకి పలకలు పరిచి దారి వేశారు. ఆ నేలలో బలం ఉండదు, అందుకని అక్కడి కొన్ని మొక్కలు పురుగుల్ని తింటాయి. పిచర్ ప్లాంట్ ఆకు గుండ్రంగా చుట్టుకుని లోపల వాననీళ్ళు పట్టి ఉంచుతుంది, అంచు లోపలివైపు కిందికి వంగిన సన్నటి నూగు, దిగిన చీమ పైకి ఎక్కలేదు. వంగి చూస్తే నీళ్ళలో కరుగుతున్న రెక్కలు కనబడతాయి. పిల్లలు అక్కణ్ణించి కదలరు. పలకలు పాతవి, కాలు వేస్తే నీళ్ళలోకి దిగుతాయి, కాబట్టి వెళ్ళేముందు ఆ దారి తెరిచి ఉందో లేదో కనుక్కోండి.

నవంబరు, డిసెంబరుల్లో వెళ్తే ఇంకో రెండు సంగతులు. జింకలు మరీ ఎక్కువై మొలకలన్నీ మేసేస్తున్నాయని 2015 నుంచి ఆ నెలల్లో కొన్ని రోజులు అనుమతి ఉన్న వేటగాళ్ళని రానిస్తున్నారు. తేదీలు ముందే ప్రకటిస్తారు, చూసుకోండి, ఏదైనా సరే నారింజ రంగు టోపీ పెట్టుకోండి. డిసెంబరులో నాలుగుంబావుకే సూర్యుడు దిగిపోతాడు, చెట్ల కింద ఇంకా ముందే మసకబడుతుంది, కాబట్టి మధ్యాహ్నం రెండు దాటాక స్కైలైన్ మొదలుపెట్టవద్దు. మంచు పడితే బూట్లకి తగిలించుకునే ఇనప ముళ్ళు దొరుకుతాయి, అవి లేకుండా ఆ బండల మీదకి వెళ్ళకండి.

ఎండాకాలం శనివారాల్లో హోటన్స్ పాండ్ దగ్గర పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుంది, తొమ్మిదికల్లా చేరేలా బయల్దేరండి. మనిషికి లీటరు నీళ్ళు, ఆ పులిహోర డబ్బా, కాగితం మ్యాపు ఒకటి పెట్టుకోండి, తిన్న చెత్త తిరిగి ఇంటికే తెచ్చుకోండి. ఉంటాను, నమస్కారం.