తెల్లది పైరు మీదికి, నల్లది నేల మీదికి

శ్రోతలకు నమస్కారం.

దుకాణాల్లో సరుకులు వేసి ఇచ్చే గుడ్డలాంటి సంచి మీ ఇంట్లో ఒకటైనా ఉంటుంది. దాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. పడుగూ పేకా కనిపించవు. సన్నటి పోగులు అడ్డదిడ్డంగా పరుచుకుని, వరుసలు తీరిన చిన్న చిన్న చుక్కల దగ్గర ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ గుళికలను కరిగించి, సూదిమొనంత రంధ్రాల గుండా పోగులుగా లాగి, కదిలే పట్టీ మీద పరిచి, వేడి రోలర్ల మధ్య నొక్కితే ఈ నాన్ వోవెన్, అంటే నేయని గుడ్డ తయారవుతుంది. కరోనా రోజుల్లో ముక్కుకు కట్టుకున్న మాస్కు పై పొర కూడా ఇలాంటిదే. మన రైతులు క్రాప్ కవర్ అంటున్న తెల్లటి గుడ్డ దీని జాతిదే. తాకితే నూలులా ఉంటుంది కానీ ఇది అచ్చంగా ప్లాస్టిక్. అగ్గిపుల్ల చూపిస్తే బూడిద కాదు, కరిగి బొట్లుగా కారుతుంది.

ఈ గుడ్డ ఇప్పుడు మన పొలాల్లో రెండు పనులకు వస్తోంది. పైరు మీద కప్పి పురుగునూ చలినీ ఆపడం ఒకటి, నేల మీద పరిచి కలుపును అణచడం రెండోది. రెండింటికీ వేర్వేరు గుడ్డలు కావాలి. అయినా చాలామంది దుకాణానికి వెళ్లి మీటరు ఎంత అని అడిగి, చవకగా ఉన్నది తెచ్చుకుంటున్నారు. కొనేముందు తేల్చుకోవాల్సిన సంగతి వేరే ఉంది. మన పంటకు శత్రువు ఎవరు, ఏ రోజుల్లో వస్తాడు? ఇది తెలిస్తే ఏ గుడ్డ కొనాలో, అసలు కొనాలో వద్దో కూడా తేలిపోతుంది.

పుచ్చ, కర్బూజ పంటలను తీసుకుందాం. డిసెంబరు, జనవరి నెలల్లో విత్తుతాం. మొలక రెండాకులు విప్పీ విప్పకముందే గుమ్మడి పెంకు పురుగు వచ్చి ఆ ఆకులను జల్లెడ చేస్తుంది. దాని వెనకే పేనుబంక, తెల్లదోమ, తామర పురుగులు దిగుతాయి. ఇవి పీల్చే రసం కంటే మోసుకొచ్చే వైరస్‌తోనే అసలు ముప్పు. తామర పురుగు చిగురును ఎండబెట్టే మొవ్వుకుళ్లు వైరస్‌ను తెస్తుంది. పేనుబంక తెచ్చే కొన్ని వైరస్‌లయితే, అది ఆకు మీద వాలి ఒక్కసారి ముట్టె గుచ్చగానే మొక్కలోకి దిగిపోతాయి. మందు కొట్టినా పురుగు చచ్చేలోపే అంటించాల్సింది అంటించేస్తుంది. వైరస్ సోకిన మొక్కను బాగుచేసే మందు లేదు. మొక్క ఎంత లేతగా ఉన్నప్పుడు సోకితే నష్టం అంత ఎక్కువ. అందుకే పురుగును చంపే మందు కంటే, మొదటి నెల రోజులు దాన్ని వాలనివ్వని గుడ్డకు ఇక్కడ విలువ ఎక్కువ.

ఈ పనికి 17 జీఎస్ఎం తెల్ల గుడ్డ సరిపోతుంది. జీఎస్ఎం అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాముల బరువో చెప్పే కొలత. 17 గ్రాముల గుడ్డ ఎండలో ఎక్కువ భాగాన్ని లోపలికి రానిస్తుంది, గాలి ఆడుతుంది, మంచు నీరూ వాన నీరూ కిందికి దిగుతాయి. 30, 50 గ్రాముల గుడ్డలు గట్టివే. కానీ గుడ్డ మందమయ్యే కొద్దీ వెలుతురు తగ్గుతుంది, లోపల వేడి పెరుగుతుంది. చలి దేశాల్లో ఆ వేడి కోసమే మందపాటి గుడ్డ వాడతారు. లంబసింగి లాంటి చోట చలికాలపు రాత్రుల్లో స్ట్రాబెర్రీ మీద కప్పడానికి అలాంటిది పనికిరావచ్చు. మన మైదానాల్లో ఫిబ్రవరి దాటాక అదే గుడ్డ కింద లేత మొక్క ఉడికిపోతుంది. గట్టిది కొంటే మంచిది అనే లెక్క ఇక్కడ పనిచేయదు.

ఇక ఎండను తట్టుకునే గుణం. మామూలు పాలీప్రొపిలీన్ సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలకు పెళుసెక్కి, పట్టుకుంటే పొడిపొడిగా రాలిపోతుంది. పొలానికి వాడే గుడ్డలో తయారీ సమయంలోనే ఆ కిరణాలను తట్టుకునే పదార్థం కలపాలి. దీన్నే యూవీ చేసిన గుడ్డ అంటారు. సంచులు కుట్టే గుడ్డలో సాధారణంగా అది ఉండదు, చూపుకు మాత్రం రెండూ ఒకటే. అందుకే యూవీ అనే మాట బిల్లు మీద రాయించుకోండి. విత్తడానికి నెలన్నర ముందే ఒక మీటరు ముక్క తెచ్చి, సగం మిద్దె మీద ఎండలో కట్టి, సగం పెట్టెలో దాచండి. తర్వాత రెండు ముక్కలనూ చేత్తో లాగి చూడండి. ఎండలో ఉంచిన ముక్క కాగితంలా చిరిగితే ఆ సరుకు జోలికి పోవద్దు.

బరువు కూడా తూచి తీసుకోండి. 1.6 మీటర్ల వెడల్పు, 500 మీటర్ల పొడవు ఉన్న చుట్టలో 800 చదరపు మీటర్ల గుడ్డ ఉంటుంది. 17 గ్రాముల చొప్పున 13 కిలోల 600 గ్రాములు తూగాలి. మధ్యలోని అట్ట గొట్టం బరువు తీసేశాక 11 కిలోలే తూగిందంటే, మీ చేతికి వచ్చింది 14 గ్రాములు కూడా లేని గుడ్డ అన్నమాట, లేదా పొడవు తగ్గి ఉండాలి. తక్కెడ ముందు పెట్టి అడిగితే ఏ వ్యాపారీ కాదనలేడు. వరుసకూ వరుసకూ ఆరడుగుల దూరం ఉన్న ఎకరానికి సుమారు 2,250 మీటర్ల గుడ్డ పడుతుంది, అంటే చివర్లతో కలిపి అలాంటి చుట్టలు ఐదు. ఈ లెక్క ముందే వేసుకుంటే, అక్కరలేనిది కొనడమూ ఉండదు, సగం చేను కప్పి సగం వదిలేయడమూ ఉండదు.

కప్పడం పెద్ద విద్యేమీ కాదు కానీ ఓపిక కావాలి. ఎత్తు మడి మీద డ్రిప్పు గొట్టం వేసి, నేలను కప్పే ప్లాస్టిక్ మల్చింగ్ షీటు పరిచి, ఏడెనిమిది అడుగులకొకటి చొప్పున ఇనుప తీగనో వెదురు బద్దనో విల్లులా వంచి గుచ్చుతారు. వెదురుకు చీలికలు ఉంటే గుడ్డ మొదటి గాలికే చిరుగుతుంది. బద్దలను ముందే నున్నగా చెక్కుకోవాలి, తీగ కొసలు పైకి పొడుచుకు రాకుండా చూడాలి. 1.6 మీటర్ల గుడ్డలో రెండు పక్కలా అరడుగు మట్టిలోకి పోతే, మధ్యలో అడుగుంపావు ఎత్తు సొరంగం మిగులుతుంది. నెల రోజుల పుచ్చ తీగకు అది చాలు. అంచుల మీద అక్కడక్కడా రాయి పెట్టి సరిపెట్టకండి. రెండు రాళ్ల మధ్య లేచిన జానెడు సందు చాలు, తెల్లదోమ లోపలికి రావడానికి. అంచు పొడవునా మట్టి ఎగదోసి తొక్కాల్సిందే.

విత్తిన రోజునే, నారు నాటిన రోజునే కప్పాలి. వారం ఆగి కప్పితే అప్పటికే చేరిన పురుగును మనమే లోపల పెట్టి తలుపు వేసినట్టు. పేనుబంకను తినే అక్షింతల పురుగు లోపలికి రాలేదు, వాన కొట్టి కడగదు, పేనుబంక నిశ్చింతగా పెరిగిపోతుంది. తామర పురుగు ఒక దశలో మట్టిలో ఉంటుంది. కాబట్టి కిందటి పంట కూడా పుచ్చో మిరపో అయిన చేనులో కవర్ ఒక్కటే కాపాడుతుందని అనుకోవద్దు. నారు కొనేటప్పుడు ఆకు వెనక్కి తిప్పి చూసి తెచ్చుకోండి. వారానికోసారి చల్లని పొద్దున పూట ఒక పక్క అంచు లేపి లోపల ఏముందో చూడండి.

అన్నిటికంటే ముఖ్యమైనది తీసే రోజు. పుచ్చ, కర్బూజ, దోస, గుమ్మడి జాతుల్లో మగపూలు వేరు, ఆడపూలు వేరు. మొదట మగపూలు వస్తాయి. కొన్ని రోజులకు అడుగున చిన్న పిందెతో ఆడపూలు కనిపిస్తాయి. తేనెటీగ వచ్చి పుప్పొడి చేరవేస్తేనే ఆ పిందె కాయవుతుంది. గుడ్డ పురుగును ఆపినట్టే తేనెటీగనూ ఆపుతుంది. తీగ పచ్చగా కళకళలాడుతుంటే ఇంకో వారం ఉంచుదాం అనిపిస్తుంది. ఆ వారంలోనే తొలి పిందెలు పసుపెక్కి రాలిపోతాయి. పిందె రాలుతోందని మందుల దుకాణానికి పరుగెత్తే వాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే ఆ తోటకు కావలసింది మందు కాదు, తెరిచిన కవరు. విత్తిన 30, 35 రోజులకు ఆడపూలు కనబడగానే తీసేయండి. మిట్టమధ్యాహ్నం ఒక్కసారిగా లాగేయకుండా సాయంత్రాలు రెండు మూడు రోజులు ఒక పక్క తెరిచి, మొక్కను ఎండకు అలవాటు చేసి తీయండి.

మిరప రైతులకు ఒక మాట. 2021లో మన రెండు రాష్ట్రాల మిరప తోటల మీద పడిన నల్ల తామర పురుగు ముఖ్యంగా పూలలో చేరి తింటుంది. పూత వేళకు మిరప మొక్క ఏ కవరు కిందా ఇమడదు. దానికి క్రాప్ కవరే విరుగుడు అని ఎవరైనా చెబితే నమ్మకండి. నారుమడి దశలో, నాటిన తొలి వారాల్లో ఆకుముడత వైరస్ తెచ్చే తెల్లదోమను ఆపడానికి మాత్రం ఇది మంచి సాధనం. బొప్పాయి లేత మొక్కలకు పేనుబంక నుంచి కాపుదల కూడా ఇలాగే. అనంతపురం, కడప వైపు అరటి గెలలకు తొడిగే తెల్ల సంచులు కూడా ఈ పలచటి గుడ్డవే. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై ఓడరేవుకు ప్రత్యేక రైల్లో అరటి వెళ్లిందంటే, విదేశీ కొనుగోలుదారు అడిగే మచ్చలేని కాయ మన దగ్గర పండుతోందని అర్థం. అలాంటి కాయకు ఆకు గీరిన గీత కూడా పడకూడదు. గెలకు సంచి తొడిగేది అందుకే.

ఇప్పుడు కలుపు సంగతి. ముందు ఒక హెచ్చరిక: తెల్ల గుడ్డను నేల మీద పరిచి కలుపు చస్తుందని ఎదురుచూడకండి. వెలుతురు లోపలికి పోతుంది, తేమ నిలుస్తుంది, కలుపు మరింత ఏపుగా పెరుగుతుంది. కలుపుకు నల్లది కావాలి, 60 నుంచి 80 జీఎస్ఎం ఉండాలి, యూవీ చేసినది కావాలి. చీకట్లో మొలకెత్తిన గింజ, తనలోని ఆహారం అయిపోగానే చనిపోతుంది. గునుగు, పాయల కూర, వయ్యారిభామ లాంటి గింజ నుంచి మొలిచే కలుపు మొక్కలను ఇది బాగా అణచుతుంది. తుంగ మాత్రం లొంగదు. దాని గడ్డలో నిల్వ ఉన్న బలంతో సూది లాంటి మొలక గుడ్డను పొడుచుకుని పైకి వస్తుంది. తుంగ, గరిక ఉన్న నేలను ముందు దున్ని, గడ్డలూ దుబ్బులూ ఏరి ఎండబెట్టాకే ఏదైనా పరవాలి.

మూడు నాలుగు నెలల కూరగాయలకు నల్ల నాన్ వోవెన్ కొనడం దండగ అని నేను గట్టిగా చెబుతాను. డ్రిప్పు ఉంటే మామూలు మల్చింగ్ షీటు చవక. డ్రిప్పు లేకుండా వాన మీద ఆధారపడే చిన్న మడికి వరిగడ్డి, వేరుశనగ పొట్టు, చెరకు ఆకు ఉన్నాయి, అవి నేలలో కలిసి నేలకే బలమవుతాయి. నల్ల గుడ్డకు తగిన చోటు పండ్ల మొక్కల పాదులు, పూల మళ్లు. ప్లాస్టిక్ షీటులా కాకుండా వాన నీటిని కిందికి దిగనిస్తుంది, అదే దీని గొప్ప. ఇక మనుషులు నడిచే నర్సరీ దారులకు, ఐదారేళ్లు ఉండాల్సిన తోటలకు నేసిన కలుపు పట్టానే మేలు. పట్టా కోసిన అంచున పోగులు ఊడతాయి కాబట్టి కాల్చిన కత్తితో కోయాలి. నాన్ వోవెన్‌కు ఆ బెడద లేదు, మామూలు కత్తెర చాలు.

మే నెలలో నల్ల గుడ్డ సెగకు లేత కాండం వడలిపోతుంది. మొక్క చుట్టూ జానెడు వెడల్పున గుడ్డ కోసేసి, ఆ ఖాళీలో గడ్డి పరవండి. గుడ్డ మీద చేరిన దుమ్ము, రాలిన ఆకు నెలకోసారి ఊడ్చేయండి. లేదంటే మరుసటి వానలకు కలుపు గుడ్డ మీదే మొలిచి, వేళ్లు పోగుల్లోకి దిగి, పీకితే గుడ్డతో సహా లేచి వస్తుంది.

మిద్దె తోటల వారికి ఇంత లెక్క అక్కర్లేదు. ముల్లంగి, కొత్తిమీర, క్యాబేజీ తొట్ల మీద నాలుగు పుల్లలు గుచ్చి పలచటి తెల్ల ముక్క కప్పి, అంచును దారంతో తొట్టి చుట్టూ కట్టండి. వీటికి పూతతో పని లేదు, కోసే దాకా ఉంచవచ్చు.

వాడేశాక ఈ గుడ్డ ఎక్కడికి పోతుందో కూడా ఆలోచించాలి. కేంద్రం 2021లో సవరించిన ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు నాన్ వోవెన్ సంచిని కూడా ప్లాస్టిక్ గానే లెక్కించి, 60 జీఎస్ఎం కంటే పలచనిది ఉండకూడదన్నాయి. పలచటి గుడ్డ తొందరగా చిరిగి, ముక్కలై మట్టిలో మిగిలిపోతుంది, దాన్ని మళ్లీ ఏరలేం. పంట కవరు పలచగానే ఉండక తప్పదు. కాబట్టి అది పెళుసెక్కకముందే తీసేయడం మన బాధ్యత. తీసిన గుడ్డను ఆరబెట్టి, మట్టి దులిపి, కర్రకు చుట్టి, ఎలుకలు చేరని నీడ పట్టున పెట్టండి. గట్టిగా ఉంటే వచ్చే పంటకు వస్తుంది. పనికిరాకపోతే గట్టు మీద తగలబెట్టవద్దు, దుక్కిలో కలిపేయవద్దు. కట్టలు కట్టి పాత ప్లాస్టిక్ కొనేవారికి ఇవ్వండి. ఒక్కరే అయితే వాళ్లు రారు. ఊళ్లో పుచ్చ వేసిన రైతులంతా కలిసి ఒకేచోట పోగేస్తే బండి తెచ్చుకుని మరీ తీసుకెళతారు.

నమస్కారం.