హిచ్ కొనేముందు తూచాల్సింది ఇదే: టంగ్ వెయిట్ గేజ్ రివ్యూ

నమస్కారమండీ. ముందే చెప్పేస్తాను, ఈ టంగ్ వెయిట్ గేజ్‌ను తయారీదారులే ఉచితంగా పంపారు. డబ్బేమీ ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమనీ అడగలేదు. దీని పొడవు, రంగు, ధర మీరు ఈపాటికే చూసి ఉంటారు, వాటి జోలికి వెళ్లను.

హిచ్ అంటే ట్రైలర్‌ను తగిలించడానికి కారు వెనక బిగించే అమరిక, దాని మీది గుండే బాల్. ట్రైలర్ ముందు కొస, అంటే టంగ్, ఆ బాల్ మీద నిలువుగా ఎంత బరువు మోపుతోందో చెప్పడమే ఈ గేజ్ పని. అసలు హిచ్ ఎంపిక మొదలుకావాల్సింది అక్కడి నుంచే. కానీ అమ్మేవాళ్లు ఏం చేస్తారు? పెట్టె మీద 1,500 కిలోలు అని అరచేయంత అంకెలు వేస్తారు. అది లాగే బరువు. బాల్ మోయగలిగే బరువు వేరు. ఐరోపా ప్రమాణాల ప్రకారం చేసిన హిచ్‌కు ఒక పలక ఉంటుంది, దాని మీద ‘ఎస్’ పక్కన కిలోల్లో రాసిన అంకే ఆ పరిమితి. నా పాత హిచ్‌కు సరిగ్గా ఆ అంకె మీదే వాషర్ పెట్టి బోల్టు బిగించారు. విప్పి చూస్తే 75. చెప్పండి, ఒళ్లు మండదా?

నా పడవ ట్రైలర్ సామాన్లతో కలిపి 700 కిలోలు. అమెరికాలో సాధారణంగా మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం టంగ్ మీద ఉండాలంటారు. అంటే 70 నుంచి 105 కిలోలు. 75 కిలోల హిచ్‌తో ఇక మిగులు ఎక్కడుంది? పైగా హిచ్, బాల్, కారు, ఈ మూడింటి పరిమితుల్లో ఏది తక్కువైతే అదే మీ పరిమితి.

టంగ్ మీద బరువు ఎక్కువైతే కారు వెనక కుంగుతుంది, ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది. రాత్రి భీమిలి బీచ్ రోడ్డులో మీ హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్లలో పడతాయి. తక్కువైతే ఇంకా ప్రమాదం. ఆనందపురం వైపు హైవేలో పక్కనుంచి లారీ దూసుకుపోగానే ట్రైలర్ తోకలా అటూఇటూ ఊగడం మొదలుపెడుతుంది. వెనక మోటారు వేలాడే పడవలకు ఈ బెడద మరీ ఎక్కువ.

ఇప్పుడు నాకు బాగా నచ్చినది చెబుతాను. బాల్ నుంచి ఇరుసుకు 3 మీటర్లు అనుకోండి. 40 కిలోల ఐస్ పెట్టెను మీటరున్నర వెనక్కి జరిపితే టంగ్ మీద 20 కిలోలు తగ్గుతాయి. 40ని ఒకటిన్నరతో గుణించి 3తో భాగించండి, అంతే. ఫిషింగ్ హార్బర్ దగ్గర పెట్టెను జరుపుతూ పోతుంటే ఈ గేజ్ ఆ తేడాను అప్పటికప్పుడు చూపించింది. నాకు పట్టరాని ఆనందం! వేబ్రిడ్జి మీద ఇది తెలియదు. లారీలు తూచే ఆ కాటాల్లో అంకె 5, 10 కిలోల చొప్పున మారుతుంది.

చిరాకు పెట్టింది ఒక్కటే, అంకెలు కనిపించే కిటికీ. అది డ్రాబార్, అంటే ట్రైలర్ ముందుండే కడ్డీ, కిందికి తిరిగి ఉంది. చదవాలంటే చెంప నేలకు ఆనించాలి! పైకి ఎత్తగానే ముల్లు సున్నాకు వెళ్లిపోతుంది కూడా. కొలిచిన అంకె దగ్గరే నిలిచేలా చిన్న పిన్ను పెట్టడానికి ఎంత ఖర్చవుతుందండీ?

గేజ్ లేనివాళ్లు దిగులు పడకండి. చక్రాలకు అడ్డాలు వేయండి, బరువులు చూసే ఇంటి త్రాసు మీద చెక్క దిమ్మ నిలబెట్టి కప్లర్‌ను, అంటే బాల్ మీద కూర్చునే ట్రైలర్ కొసను, దాని మీదకు దించండి. రెండు జాగ్రత్తలు: దిమ్మ హిచ్ ఎత్తుకు సరిపోయి ట్రైలర్ సమంగా ఉండాలి, ప్రయాణంలో ఉండే సామానంతా ఎక్కించి ఉండాలి. ఖాళీ ట్రైలర్‌ను తూచి హిచ్ కొనడం వృథా.

నా తీర్పు? కిటికీ మీద ఎంత కోపం ఉన్నా దీన్ని వదులుకోను. సామాను మార్చిన ప్రతిసారీ తూచేవాళ్లు కొనుక్కోండి, ఎప్పుడూ ఒకే సామానుతో వెళ్లేవాళ్లకు ఇంటి త్రాసు చాలు. ఒక్క అనుమానం మాత్రం తీరలేదు. ఇంతకుముందు వాడిన గేజ్ స్ప్రింగు మన విశాఖ ఉప్పుగాలికి తుప్పు పట్టి తప్పుడు అంకెలు చూపింది. దీని స్ప్రింగు సంగతి వర్షాకాలం దాటాక ఇంటి త్రాసుతో పోల్చి, ఆ అంకెలు మీ ముందు పెడతాను.